యుద్ధవిమానం సిమ్యులేటర్ తయారీ: రిటైర్డ్ పైలట్ల అనుభవాన్ని అంకెల్లోకి దించడం ఎలా?

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21కి వీడ్కోలు పలికింది. 1963లో సర్వీసులోకి వచ్చిన విమానం అది. దాన్ని నడిపినవాళ్లు, దాని ఇంజిన్లు విప్పి బిగించినవాళ్లు దేశమంతా ఉన్నారు, మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కూడా ఉన్నారు. వాళ్లలో చాలామందికి వయసు మీద పడింది. వాళ్ల చేతులకు తెలిసిన విషయాలు ఏ మాన్యువల్‌లోనూ పూర్తిగా లేవు. కంప్యూటర్ మీద ఆ విమానాన్ని నిజంగా ఎగిరేలా తయారు చేయాలనుకునే కుర్రాళ్ల కోసం, ముఖ్యంగా మన జిల్లాల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గ్రాఫిక్స్ గురించి ఇందులో పెద్దగా ఉండదు. విమానం ప్రవర్తన గురించే ఎక్కువ.

1. ఒక విమానం, ఒక రకం, ఒక పని

"మిగ్-21 చేస్తున్నాం" అంటే చాలదు. ఏ మిగ్-21? వాయుసేనలో టైప్ 77 అని పిలిచిన ఎఫ్ఎల్ వేరు, బిస్ వేరు. ఇంజిన్ మారింది, బరువు మారింది. బిస్‌ని ఆధునికీకరించి చేసిన బైసన్‌లో ఇంజిన్ అదే అయినా కాక్‌పిట్, రాడార్ మారిపోయాయి. ఎఫ్ఎల్ నడిపినాయన ఒకటి చెబుతారు, బిస్ నడిపినాయన ఇంకొకటి చెబుతారు. ఇద్దరూ నిజమే చెబుతారు. రకం తేల్చుకోకుండా ఇద్దరి మాటలూ కలిపేస్తే తయారయ్యేది ఎక్కడా ఎగరని విమానం. ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ బిస్‌వి.

పని కూడా ఒకటే పెట్టుకోండి: టేకాఫ్, ఒక సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక రౌండు), ల్యాండింగ్. డాగ్‌ఫైట్ జోలికి అప్పుడే పోవద్దు. ల్యాండింగ్‌లో తక్కువ వేగం, ఎక్కువ యాంగిల్ ఆఫ్ ఎటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం), ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు), ఇంజిన్ స్పందన, నేల ప్రభావం (నేల దగ్గర గాలి పైకెత్తే తీరు మారడం) అన్నీ ఒకేసారి పరీక్షకొస్తాయి. అది కుదిరితే మోడల్‌లో సగానికి పైగా కుదిరినట్టే.

2. పైలట్‌ని కలవకముందే విమానం లేచి ఎగరాలి

ఖాళీ చేతులతో వెళ్లి "సార్, మిగ్ గురించి చెప్పండి" అంటే ఆయన కథలు చెబుతారు. కథలు బాగుంటాయి కానీ మోడల్‌కి పనికిరావు. ఏదో ఒకలా ఎగిరే విమానం చూపిస్తేనే "ఇది ఇలా కాదు" అనే మాట వస్తుంది. మనకు కావలసింది ఆ మాటే.

డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్, దాని లోపల విమానం కదలికల లెక్క వేసే జేఎస్‌బీసిమ్ సరిపోతాయి. రెండూ ఓపెన్ సోర్సే. జేఎస్‌బీసిమ్‌లో విమానమంతా ఎక్స్ఎమ్ఎల్ ఫైళ్లలో ఉంటుంది: కొలతలు, బరువు పంపిణీ, చక్రాలు, ఇంజిన్, కంట్రోల్స్, ఏరోడైనమిక్స్. సీ++ రాకపోయినా ఫర్వాలేదు, పట్టికలు రాయడం వస్తే చాలు. అది అడుగులు, పౌండ్లలో లెక్క వేస్తుంది, రష్యన్ విమానం వివరాలేమో మీటర్లు, కిలోల్లో దొరుకుతాయి. మార్పిడి కోసం మొదటి రోజే ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టుకోండి.

బిస్ వివరాల్లో బహిరంగంగా దొరికేవి చాలానే ఉన్నాయి. రెక్క వైశాల్యం సుమారు 23 చదరపు మీటర్లు, రెక్కల మధ్య వెడల్పు 7.15 మీటర్లు, ఆర్-25-300 ఇంజిన్ థ్రస్ట్ (ముందుకి తోసే బలం) మామూలుగా సుమారు 4,100 కిలోలు, రీహీట్‌తో (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండిస్తే) సుమారు 7,100 కిలోలు. యుద్ధవిమానం గుణకాలు, అంటే గాలి పైకెత్తే బలం (లిఫ్ట్), వెనక్కి లాగే బలం (డ్రాగ్) లాంటివి ఎంతో చెప్పే అంకెలు, ఎలా ఉంటాయో అర్థం చేసుకోవడానికి నాసా 1979లో ప్రచురించిన ఎఫ్-16 సిమ్యులేటర్ అధ్యయనం, టీపీ-1538, చదవండి. అది వేరే విమానం, అంకెలు ఎత్తి పెట్టుకోవద్దు. పట్టికలు ఎలా కట్టారో, ఏ గుణకం దేని మీద ఆధారపడుతుందో నేర్చుకోవడానికి అంతకంటే మంచిది నాకు దొరకలేదు. లేని గుణకాలకు మొదటి అంచనాలు డిజిటల్ డాట్‌కామ్ (DATCOM) అనే ప్రోగ్రాం ఇస్తుంది.

తర్వాత కాగితం మీద ఒక లెక్క వేయండి. ల్యాండింగ్ బరువు 6,800 కిలోలు, వేగం గంటకు 300 కిలోమీటర్లు, అంటే సెకనుకు 83.3 మీటర్లు అనుకుందాం. సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత 1.225. సగం సాంద్రతను వేగం వర్గంతో, రెక్క వైశాల్యంతో గుణిస్తే దాదాపు 97,800 న్యూటన్లు. విమానం బరువు దాదాపు 66,700 న్యూటన్లు. భాగిస్తే లిఫ్ట్ గుణకం 0.68. మీ పట్టికలో ఫ్లాప్స్ దించినప్పుడు, పైలట్ ముందు రన్‌వే ఇంకా కనిపించే కోణంలో ఆ 0.68 రావాలి. రాకపోతే పైలట్ దాకా వెళ్లనక్కర్లేదు, తప్పు అక్కడే ఉంది. మిగ్-21బిస్ మాడ్యూల్ 2014లోనే డీసీఎస్ అనే సిమ్యులేటర్ ఆటకి వచ్చింది. అది ఆడి చూడండి, కానీ దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే వాళ్ల అంచనాలు మీ మోడల్‌లోకి చెప్పకుండా వచ్చేస్తాయి.

3. మనుషుల్ని వెతకడం

ఈ విషయంలో మన జిల్లాలు అదృష్టం చేసుకున్నాయి. కోరుకొండ సైనిక్ స్కూల్ 1962లో మొదలైంది, అక్కడ చదివి సైన్యంలో, వాయుసేనలో, నేవీలో చేరినవాళ్లు ఎందరో. పూర్వ విద్యార్థుల ద్వారా కబురు పంపితే నాలుగు చేతులు మారైనా ఒక పైలట్ దాకా చేరుతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వండి. ఫోన్ నంబర్లు అడగొద్దు, వాళ్లు ఇవ్వకూడదు కూడా. మీ నంబర్ ఇచ్చి, ఇష్టమున్నవాళ్లే ఫోన్ చేసేలా చెప్పించండి.

చాలామంది మరిచిపోయే ఇంకో ఊరు ఉంది. సాలూరు దాటి ఘాటీ ఎక్కితే కొరాపుట్, దాని పక్కనే సునాబెడ. మిగ్-21 ఇంజిన్లు, ఆర్-11, ఆర్-25 రెండూ, తయారైంది అక్కడి హెచ్ఏఎల్ ఫ్యాక్టరీలోనే. ఇంజిన్‌ని టెస్ట్ బెడ్ మీద నడిపిన టెక్నీషియన్‌కి తెలిసినంతగా థ్రాటిల్ స్పందన పైలట్‌కి కూడా తెలియదు. ఐడిల్ నుంచి పూర్తి పవర్‌కి అందుకునే తీరు, రీహీట్ వెలిగేటప్పుడు వచ్చే చిన్న విరామం, శబ్దంలో మార్పు, ఇవన్నీ అడగాల్సింది వాళ్లనే. గ్రౌండ్ క్రూని కూడా వదలొద్దు. చక్రాలు, బ్రేకులు, డ్రాగ్ ష్యూట్ (దిగాక వేగం తగ్గించే పారాచూట్) సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి.

ఒక మాట ముందే చెప్పేయండి: ఎంత సమయం పడుతుంది, ఏం ఇవ్వగలరు, పేరు వేస్తారా లేదా. పెద్దవాళ్ల సమయాన్ని ఊరికే వాడుకోవడం తప్పు. గౌరవంగా ఎంతోకొంత పారితోషికం ఇవ్వండి, వద్దంటే కనీసం కారు పంపండి.

4. ఏం అడగకూడదు

అధికార రహస్యాల చట్టం 1923 నాటిది. రిటైరైనంత మాత్రాన అది ఎవరినీ వదలదు. రాడార్ ఎంత దూరం చూస్తుంది, మిసైల్ ఏ హద్దుల్లో పనిచేస్తుంది, యుద్ధ వ్యూహాలు, స్థావరాల వివరాలు, ఫ్రీక్వెన్సీలు, వీటి జోలికి వెళ్లొద్దు. విమానం సర్వీసులోంచి వెళ్లిపోయింది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరైనా ప్రేమ కొద్దీ పాత మాన్యువల్ ఇస్తానంటే వినయంగా వద్దనండి. 2021లో వార్ థండర్ ఆటలో ట్యాంకు మోడల్ తప్పని నిరూపించాలన్న పంతంతో ఒకరు బ్రిటిష్ చాలెంజర్ 2 ట్యాంకు మాన్యువల్ పేజీలు ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ఆట కోసం అంత తెగింపు అక్కర్లేదు. మొదటి భేటీలోనే "మీకు ఇబ్బందైన ప్రశ్నకి జవాబు చెప్పొద్దు సార్, ఎందుకని కూడా మేం అడగం" అని చెప్పి, అదే మాట రాసి ఇవ్వండి. ఆ కాగితం ఇచ్చాక మాటలు ధారాళంగా వస్తాయి.

5. అడిగే తీరు

"ల్యాండింగ్ స్పీడ్ ఎంత సార్?" అనే ప్రశ్నకి పుస్తకంలో ఉన్న అంకే వస్తుంది. జ్ఞాపకంలోని అంకెలు ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతాయి కూడా. చేతులు మాత్రం మరిచిపోవు. అందుకే కుర్చీలో కూర్చోబెట్టి, స్టిక్, థ్రాటిల్ చేతికిచ్చి, కళ్లు మూసుకుని ఒక సర్క్యూట్ మొత్తం చేసి చూపించమనండి. సిమ్యులేటర్ ఆఫ్‌లోనే ఉంచండి. నోటితో చెబుతూ చేయమనండి, అనుమతి తీసుకుని చేతుల్ని వీడియో తీయండి.

విజయనగరంలో ఒక వింగ్ కమాండర్ గారు ఇలా చేసినప్పుడు నేను కళ్లారా చూసిన సంగతి ఇది. ఫైనల్స్ మీదకి, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలోకి వచ్చారు. కుడిచేయి కదలడమే లేదు, స్టిక్ మీద వేళ్లు మాత్రం అటూ ఇటూ ఆడుతున్నాయి. పనంతా ఎడమచేతిదే. థ్రాటిల్ మీద అర అంగుళం ముందుకి, పావు అంగుళం వెనక్కి, మళ్లీ ముందుకి. రన్‌వే అంచు దాటామన్నారు, అప్పుడు కూడా ఆ చేయి వెనక్కి లాగలేదు. అంతకుముందు మా మోడల్‌లో అందరం ఫ్లేర్‌కి (చక్రాలు తాకేముందు ముక్కు ఎత్తడానికి) ముందే థ్రాటిల్ పూర్తిగా మూసి హాయిగా దిగిపోయేవాళ్లం. అదెలాగో చూపిస్తే ఆయన తలూపారు.

"అలాక్కాదు బాబూ. పవర్ తీసేస్తే ఇది దిగదు, పడుతుంది."

కారణం పుస్తకాల్లోనే ఉంది. బిస్‌లో ఫ్లాప్స్ మీదుగా ఇంజిన్ నుంచి తీసిన గాలిని ఊదుతారు. థ్రాటిల్ మూస్తే ఊదే గాలి తగ్గుతుంది, దాంతోపాటే లిఫ్ట్ తగ్గుతుంది. అంటే ఫ్లాప్స్ లిఫ్ట్ గుణకం ఫ్లాప్ కోణం మీద మాత్రమే కాదు, ఇంజిన్ ఆర్‌పీఎమ్ మీద కూడా ఆధారపడాలి. ఈ విషయం చదివి కూడా మోడల్‌లో పెట్టకుండా వదిలేసేవాళ్లు ఎక్కువ, ఎందుకంటే దాని ప్రాముఖ్యం ఎంతో కాగితం చెప్పదు. ఆ ఎడమచేయి చెప్పింది.

అడగదగ్గ ప్రశ్నలు ఇలా ఉంటాయి. కొత్త పైలట్లు ఇక్కడ ఏ తప్పు చేసేవారు? మీరు మొదట దేన్ని చూసేవారు, గేజీనా, బయటికా? ఏం జరిగితే దిగకుండా పైకి లేచి గో-అరౌండ్ చేసేవారు? విమానం "ఇక చాలు" అని ఎలా చెప్పేది? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబులు బంగారం. వణుకు ఎక్కడ మొదలయ్యేది, రెక్క ఒక పక్కకి వాలేదా, ముక్కు తిరిగేదా, శబ్దం మారేదా, అన్నీ అందులోనే వస్తాయి.

6. మాటను అంకెలోకి దించడం

ఉన్నవాటిలో కష్టమైన మెట్టు ఇదే. పైలట్ అనుభూతి చెబుతారు, ఎక్స్ఎమ్ఎల్ ఫైల్ అంకె అడుగుతుంది. ఒక్కో మాట వెనక రెండు మూడు కారణాలు ఉండొచ్చు. ఏది మార్చాలో తొందరపడి తేల్చేస్తే ఒకచోట సరిచేసింది ఇంకోచోట చెడుతుంది.

"ముక్కు ఆగట్లేదు, ఊగుతోంది" అన్నారనుకోండి. పిచ్ డ్యాంపింగ్ (ముక్కు ఊపును అణిచే గుణం) తక్కువై ఉండొచ్చు. గరిమనాభి మరీ వెనక ఉండొచ్చు. లేదా మోడల్ బాగానే ఉండి, జాయ్‌స్టిక్ చిన్నదవడం వల్ల చేయి ఎక్కువ కదిలించి ఉండొచ్చు. తేల్చడానికి మనిషిని పక్కన పెట్టండి. స్టిక్‌కి ఒక అర సెకను కుదుపు ప్రోగ్రాం ద్వారా ఇచ్చి వదిలేసి, ముక్కు ఎన్ని ఊపుల్లో కుదురుకుంటుందో గ్రాఫ్ గీయండి. గ్రాఫ్‌లోనూ ఊగుతుంటే తప్పు మోడల్‌ది. లేకపోతే స్టిక్‌ది.

"తక్కువ స్పీడ్‌లో బరువుగా, ఎక్కువ స్పీడ్‌లో మరీ చురుగ్గా ఉంది" అంటే ఏఆర్‌యూ గుర్తుకు రావాలి. స్టిక్‌కి, వెనక స్టెబిలేటర్‌కి (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్కకి) మధ్య నిష్పత్తిని వేగం, ఎత్తులను బట్టి మార్చే ఆటోమేటిక్ పరికరం అది. మోడల్‌లో అది లేకపోతే ఏ ఒక్క గుణకం మార్చినా రెండు వేగాల్లో ఒకటి చెడుతుంది. కంట్రోల్స్ భాగంలో వేగం, ఎత్తు అడ్డం నిలువుగా ఒక పట్టిక పెట్టండి.

"తిప్పితే స్పీడ్ ఇంకా పడిపోవాలి" అనే మాట మిగ్ పైలట్లందరూ అంటారు. మిగ్‌కి ఉన్న డెల్టా (త్రికోణపు) రెక్క గట్టి మలుపులో విపరీతమైన డ్రాగ్ ఇస్తుంది. ఇక్కడ లెక్క సాయం తీసుకోండి. గంటకు 900 కిలోమీటర్ల వేగంలో 5 జీ (ఒంటి బరువు ఐదింతలయ్యే) మలుపు అంటే సెకనుకు 11 డిగ్రీలు, వ్యాసార్ధం సుమారు 1,300 మీటర్లు, పూర్తి చుట్టుకి దాదాపు 33 సెకన్లు. ఇది ఏ విమానానికైనా ఒకటే, భౌతిక శాస్త్రం అంతే. తేడా అంతా ఆ 33 సెకన్లు వేగం నిలుస్తుందా లేదా అన్నదానిలోనే ఉంది. పైలట్‌ని "చుట్టు తిరిగేసరికి స్పీడ్ ఎంత మిగిలేది, అదే స్పీడ్ కావాలంటే ముక్కు ఎంత దించేవారు?" అని అడగండి. ఆ జవాబును బట్టి ఇండ్యూస్డ్ డ్రాగ్ (లిఫ్ట్‌తోపాటే పెరిగే డ్రాగ్) పట్టిక సరిదిద్దండి. థ్రస్ట్ మాత్రం ముట్టుకోవద్దు. దాన్ని తగ్గిస్తే టేకాఫ్, క్లైంబ్ రెండూ పోతాయి.

"ఒళ్లు బరువెక్కట్లేదు" అంటే మనం చేయగలిగింది తక్కువ. కుర్చీలో జీ రాదు. జీ-సూట్ లేని మామూలు మనిషికి 4-5 జీ కొన్ని సెకన్లు నిలిస్తే చూపు అంచుల నుంచి మసకబారుతుంది. అది స్క్రీన్ మీద చూపించొచ్చు, కానీ జీ తగలగానే చీకటి చేయకండి, ఆ కొన్ని సెకన్ల ఆలస్యం ఉండాలి. శ్వాస శబ్దం, యాంగిల్ ఆఫ్ ఎటాక్‌తో పెరిగే వణుకు, గాలి హోరు, ఈ మూడూ కలిస్తే చాలావరకు లోటు తీరుతుంది.

7. స్టిక్, పెడల్స్, ఆలస్యం

బజారులో దొరికే జాయ్‌స్టిక్ చిన్నది, విమానం స్టిక్ పొడుగు. ఊళ్లో వెల్డింగ్ షాపులో ఒక పైపు ముక్కతో ఎత్తు పెంచుకుంటే చేతి కదలిక సహజంగా ఉంటుంది, స్ప్రింగ్ కూడా కొంచెం గట్టిది వేయించండి. బిస్‌లో బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి, మీట స్టిక్ మీదే ఉంటుంది. పెడల్ తొక్కిన దిశను బట్టి ఒక చక్రానికి ఎక్కువ బ్రేక్ పడుతుంది. బ్రేకుల్ని పెడల్ కొసలకి పెట్టేస్తే పాత పైలట్ మొదటి ట్యాక్సీలోనే తికమక పడతారు. కాబట్టి ఒక సైకిల్ బ్రేక్ లివర్ అయినా స్టిక్‌కి బిగించండి.

ఆలస్యం సంగతి చాలామంది పట్టించుకోరు. స్టిక్ కదిపాక తెర మీద కదలిక రావడానికి పట్టే సమయం ఎక్కువైతే, మోడల్ ఎంత బాగున్నా పైలట్ ముక్కుని వెంటాడుతూ ఊపేస్తారు, తప్పు ఏరోడైనమిక్స్‌దని మనం పొరబడతాం. సైనిక విమానాల హ్యాండ్లింగ్ ప్రమాణాల్లో మేలైన స్థాయికి ఈ ఆలస్యం 0.10 సెకను దాటకూడదు. కొలవడం తేలికే. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో-మోషన్ పెట్టి స్టిక్, తెర రెండూ కనబడేలా తీయండి. స్టిక్ కదిలిన ఫ్రేమ్ నుంచి తెర కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు, 24 దాటితే హద్దు మీదికి వచ్చినట్టే. టీవీని మానిటర్‌గా వాడుతుంటే ముందు గేమ్ మోడ్ ఆన్ చేయండి, సగం రోగం అక్కడే పోతుంది.

8. టెస్టు సార్టీలు

"ఎలా ఉంది సార్?" అంటే "బాగుంది బాబూ, బాగా చేశారు" అంటారు. మర్యాద కొద్దీ అనే మాట అది, దాంతో మనకు పని జరగదు. కూపర్, హార్పర్ అనే ఇద్దరు 1969లో నాసా ద్వారా ప్రచురించిన 1 నుంచి 10 దాకా రేటింగ్ పద్ధతి ఇందుకే పుట్టింది. అదుపులో ఉందా? భరించగల శ్రమతో పని అవుతోందా? ఏమీ మార్చకుండా సరిపోతుందా? ఈ ప్రశ్నలకి అవును, కాదు అంటూ వెళ్తే అంకె తేలుతుంది. 1-3 అయితే బాగున్నట్టు, 4-6 అయితే లోపాలు సరిచేయదగ్గవి, 7-9 అయితే సరిచేసి తీరాల్సినవి, 10 అంటే అదుపు తప్పినట్టు. రేటింగ్ అడిగేముందు పని కొలత స్పష్టంగా చెప్పాలి: ఫైనల్స్‌లో వేగం 10 కిలోమీటర్ల తేడాలో ఉంచాలి, గుర్తు పెట్టిన చోటే చక్రాలు తాకాలి, ఇలాగ.

ఒక్కో సార్టీకి, అంటే ఒక్కోసారి ఎగరడానికి, ఒక్క మార్పే చేయండి, ఏం మార్చారో ముందు చెప్పకండి. అప్పుడప్పుడు ఏమీ మార్చకుండా కూడా ఇవ్వండి. అప్పుడు కూడా రేటింగ్ మారిందంటే అది అలవాటు వల్లో అలసట వల్లో వచ్చిన తేడా. ప్రతి సార్టీ డేటా ఫైల్‌లో రికార్డ్ చేయండి, మార్పులన్నీ గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాంలో) ఉంచండి. అరగంట దాటితే ఆపేసి టీ ఇవ్వండి. అసలు సంగతులు డీబ్రీఫింగ్‌లోనే వస్తాయి, టీ చల్లారేలోపు.

ఇద్దరు పైలట్లు విభేదిస్తే ఎవరు గొప్ప అనే చర్చ పెట్టొద్దు. ఏ రకం, ఏ కాలం, ఎంత ఇంధనం, డ్రాప్ ట్యాంకులు ఉన్నాయా, ఈ నాలుగూ విడివిడిగా ఇద్దరినీ అడగండి. చాలాసార్లు గొడవ అక్కడే విడిపోతుంది.

9. మన ఎండ, మన గాలి

ప్రామాణిక వాతావరణం అంటే 15 డిగ్రీలు. మే నెలలో శ్రీకాకుళంలో కొన్ని రోజులు 40 డిగ్రీల దాకా పోతుంది. అదే ఒత్తిడిలో గాలి సాంద్రత 1.225 నుంచి దాదాపు 1.127కి, అంటే 8 శాతం పడుతుంది. గేజీలో కనిపించే వేగం మారదు కానీ నేల మీద నిజమైన వేగం 4 శాతం పెరుగుతుంది, ఆపాల్సిన శక్తి దాదాపు 9 శాతం పెరుగుతుంది. థ్రస్ట్ కూడా తగ్గుతుంది. సిమ్యులేటర్‌లో ఉష్ణోగ్రత 40 పెట్టి ఎగరండి. టేకాఫ్ పరుగు పొడవు ఆ 9 శాతానికి మించి పెరగకపోతే ఇంజిన్ పట్టికలో సాంద్రత లెక్క పడలేదన్నమాట. ఎండాకాలం మధ్యాహ్నం టేకాఫ్‌ల గురించి పైలట్‌ని అడిగితే ఈ తేడా ఎంత ఉండాలో వెంటనే చెబుతారు.

సీనరీకి నేల ఎత్తుల డేటా నాసా ఎస్ఆర్‌టీఎమ్ సర్వే నుంచి 30 మీటర్ల నాణ్యతలో ఉచితంగా దొరుకుతుంది. ఒకవైపు కళింగపట్నం తీరం, ఇంకోవైపు తూర్పు కనుమలు, మధ్యలో వంశధార, నాగావళి. సముద్రపు గాలికి అడ్డంగా దిగడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు వెతకనక్కర్లేదు. ఏ సైనిక స్థావరాన్నీ ఉన్నదున్నట్టు కట్టకండి, ఊహా రన్‌వే ఒకటి చాలు.

సర్క్యూట్ పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి? మీ మోడల్‌ని ఎప్పుడూ చూడని, అదే రకం నడిపిన ఇంకో పైలట్‌ని పిలవండి. కాక్‌పిట్‌లో ఏ మీట ఏ బటన్‌కి పెట్టారో మాత్రం చెప్పండి, ఎగరడం గురించి ఒక్క మాట చెప్పకండి. పాత అలవాటుతోనే లేచి, తిరిగి, మొదటి సార్టీలోనే దిగి, రేటింగ్ 3 లోపు ఇస్తే ఆ వెర్షన్‌కి ట్యాగ్ వేసి పక్కన పెట్టండి. సాయం చేసిన ప్రతి ఒక్కరినీ అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లే వేయండి. తర్వాతి పని ఫార్మేషన్, అంటే పక్కపక్కనే జట్టుగా ఎగరడం. పక్క విమానం రెక్కని చూస్తూ థ్రాటిల్ పట్టుకున్నప్పుడు ఇంజిన్ ఆలస్యం పట్టికలో దాగిన తప్పులన్నీ బయటపడతాయి. సునాబెడ టెక్నీషియన్ గారికి మళ్లీ ఫోన్ చేయాల్సింది అప్పుడే.